సాఫ్ట్‌టాప్ థార్‌లో టాప్ తీసేశాక పాట వినపడాలంటే ఏం మార్చాలి?

మెత్తటి_టాపు:
అందరికీ నమస్కారం. నాది 2020లో వచ్చిన కొత్త మోడల్ మహీంద్రా థార్ జీపు, కన్వర్టిబుల్ సాఫ్ట్‌టాప్, అంటే వెనక్కి మడిచేసే గుడ్డ టాప్. టాప్ మూసి ఉంటే కంపెనీ సెట్‌తో నాకు ఏ ఇబ్బందీ లేదు. టాప్ వెనక్కి మడిచి వికారాబాద్ దారిలో ఎనభై దాటానంటే మాత్రం గొంతు ఒక్కటే మిగులుతుంది, అదీ పై స్థాయిలో పాడినప్పుడు. మృదంగం, బేస్ గిటారు గాలిలో కలిసిపోతాయి. వాల్యూమ్ పెంచితే గొంతు చీరుకుపోతోంది తప్ప బేస్ రావట్లేదు. హైదరాబాద్ గుజరాతీ గల్లీలో ఒక షాపులో అడిగితే ముందు స్పీకర్లు, ఆంప్ (ఆంప్లిఫయర్), వెనక లో బేస్ కోసం 12 అంగుళాల సబ్‌వూఫర్ కలిపి 65 వేలు చెప్పారు. టాప్ తీసి తిరిగేవాళ్లు చెప్పండి, అంత డబ్బు పెడితే తేడా నిజంగా తెలుస్తుందా?

నాలుగో_గేరు:
ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వేయించు అన్నా.

ఫ్యూజ్_బాక్స్:
12 అంగుళాల సబ్ వద్దు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మూసిన కారులో లో బేస్ అంత బలంగా వినపడటానికి సబ్ ఒక్కటే కారణం కాదు. క్యాబిన్ చిన్న గది. శబ్దం సుమారు 60, 70 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనలు) కిందికి దిగితే లోపలి గాలి మొత్తం ఒకేసారి నొక్కుకుంటుంది. దాంతో ఇంకా కిందికి వెళ్లేకొద్దీ క్యాబినే బేస్‌ను పెంచి ఇస్తుంది. టాప్ తీసేస్తే ఆ గదే లేదు. సబ్ అదే, ఆంప్ అదే, కానీ ఆ దమ్ము పోతుంది. షాపులో డెమో ఎప్పుడూ టాప్ మూసే ఇస్తారు. డబ్బు కట్టాక రోడ్డెక్కితే అసలు సంగతి తెలుస్తుంది.

మీకు కావాల్సింది మిడ్‌బేస్, అంటే 80 నుంచి 300 హెర్ట్జ్ దాకా. టైర్ల మోత, గాలి మోత ఎక్కువగా మింగేది అక్కడే. దానికి మంచి ఆరున్నర అంగుళాల స్పీకర్లు చాలు. వాటిని బిగించే చోట రేకు వణకకుండా డ్యాంపింగ్ షీట్ అంటించాలి. స్పీకర్ కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన వాట్లు చూడొద్దు, సెన్సిటివిటీ చూడండి, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో. 88 డెసిబెల్స్ స్పీకరుకీ 92 డెసిబెల్స్ స్పీకరుకీ తేడా, ఆంప్ పవర్ రెండున్నర రెట్లు పెంచినంత. కోన్ పాలీప్రొపిలీన్, అంచు రబ్బరు ఉండాలి, ఫోమ్ వద్దు. బోట్లకి వాడే మెరైన్ స్పీకర్లయితే ఇంకా మంచిది. మన ఎండకి ఫోమ్ అంచు పొడి పొడిగా రాలిపోతుంది.

ఉప్పుగాలి:
నాదొక ప్రశ్న. అసలు టాప్ తీసేది ఎందుకు? గాలి తగలాలని, చుట్టూ ఏముందో చూడాలని, వినాలని. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో టాప్ తీసి బేస్ పెట్టుకునేవాళ్లు టాప్ మూసుకుని ఏసీలో వినొచ్చు కదా. పాట ఇంకా బాగా వినపడుతుంది కూడా.

మెత్తటి_టాపు:
అది నా ప్రశ్నకి సమాధానం కాదండీ.

ఉప్పుగాలి:
సరే, మీ ప్రశ్నకే వస్తాను. మాది విశాఖ. ఇక్కడ ఉప్పుగాలికి ఆంప్ టెర్మినళ్లు ఏడాది తిరక్కుండా పచ్చగా చిలుం పడతాయి. పైగా గుడ్డ టాప్‌కి తాళం ఏముంటుంది? బ్లేడుతో ఒక గీత గీస్తే చేయి లోపలికి వచ్చేస్తుంది. వెనక పెద్ద సబ్ పెట్టుకుని ఏ హోటల్ ముందు ఆపినా అన్నం సగంలో లేచి చూసుకోవాలి.

కాకినాడ_కుర్రోడు:
అందరూ స్పీకర్ల గురించి చెప్తున్నారు, వైరింగ్ గురించి ఎవరూ చెప్పట్లేదు. నా పాత బండికి సెట్ వేసిన షాపువాడు కోయకుండా తగిలించే కప్లర్ తేవడానికి బద్ధకించి కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) కోసేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాడు. రెండు నెలలకి స్క్రీన్ పోయింది. సర్వీస్ సెంటర్‌లో ఆ టేపు చూపించి వారంటీ లేదన్నారు. షాపువాడేమో స్క్రీన్‌తో నాకేం సంబంధం అన్నాడు. నా జేబులోంచే పోయింది. ఒక్క వైరు కూడా కోయనివ్వొద్దు అన్నా. మన బండికి సరిపడే ప్లగ్ అండ్ ప్లే కప్లర్ ఉందా అని అడగండి. లేదంటే ఆ షాపులోంచి లేచి వచ్చేయండి.

చినుకు:
+1. వైర్ కోశారంటే వారంటీ గోవిందా.

ఫ్యూజ్_బాక్స్:
కాకినాడ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. ఇంకోటి. బ్యాటరీ నుంచి ఆంప్‌కి వచ్చే పవర్ వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, అడుగున్నర దాటకూడదు. చాలామంది ఆంప్ దగ్గర పెడతారు. అప్పుడు దారిలో వైరు ఎక్కడైనా రేకుకి ఒరిసి షార్ట్ అయితే ఆ ఫ్యూజుకి తెలియనే తెలియదు, వైరు కాలిపోతుంది. ఇంజన్ గోడలోంచి వైరు లోపలికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (రింగు) ఉందో లేదో మీ వేలితో తడిమి చూసుకోండి.

ఉప్పుగాలి గారికి: చిలుం పడకుండా టెర్మినళ్లకి డైఎలెక్ట్రిక్ గ్రీజు రాస్తారు. అదేమంత సమస్య కాదు.

ఉప్పుగాలి:
గ్రీజు దొంగల్ని ఆపదు. చెవుల్ని కూడా కాపాడదు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటల వరకు ఉండొచ్చని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్య భద్రత చూసే నియోష్ సంస్థ సిఫారసు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. టాప్ లేకుండా హైవే మీద వెళ్తుంటే గాలి మోతే చెవికి తక్కువేం కాదు. ఆ మోతని దాటి బేస్ వినపడాలంటే పాట ఇంకెంత గట్టిగా పెట్టాలి? మీరు ఆయనకి చెవిటితనం అమ్ముతున్నారు.

ఫ్యూజ్_బాక్స్:
నేనేమీ అమ్మట్లేదు. నాకు షాపు లేదు. 3 డెసిబెల్స్ అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. ఆంప్ పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్. చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 పెరగాలి, అంటే పవర్ పది రెట్లు. మామూలు హెడ్ యూనిట్ (డాష్‌బోర్డులోని సెట్) ఛానెల్‌కి నిజంగా, నిలకడగా ఇచ్చేది 18 వాట్ల ఆర్ఎంఎస్ అనుకుందాం. 75 వాట్ల ఆంప్ పెట్టినా పెరిగేది 6 డెసిబెల్స్. ఆ ఆరు కూడా పాట పగిలిపోకుండా శుభ్రంగా రావడానికే. గట్టిగా వినడం వేరు, స్పష్టంగా వినడం వేరు.

ఉప్పుగాలి:
ఆరు డెసిబెల్స్ పెరిగితే మీ చెవి ఉండదగిన సమయం నాలుగో వంతుకి పడిపోతుంది. లెక్క మీదే.

ఫ్యూజ్_బాక్స్:
రోజంతా ఆఖరి వాల్యూమ్‌లో పెట్టుకుని తిరిగితే! ఎవరు తిరుగుతారు అలా?

ఉప్పుగాలి:
మా ఇంటి ముందుకొస్తే చూపిస్తాను.

నాలుగో_గేరు:
బాబూ, లెక్కలు ఆపి అన్నకి ఏదో ఒకటి చెప్పండి.

డాలస్_తెలుగోడు:
ఇక్కడ నాది మియాటా, అదే మజ్దా ఎంఎక్స్-5. పూర్తిగా ఓపెన్ కారు, రెండే సీట్లు. దీంట్లో మొదటి తరంలోనే హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లు ఇచ్చేవారు. ఇప్పటి తరంలోనూ బోస్ సెట్ ఉన్న వేరియంట్లలో ఉన్నాయి. ఓపెన్ కారుకి పవర్ పెంచడం కంటే దూరం తగ్గించడం తెలివైన పని. దూరం సగమైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ లాభం. మీటరు దూరంలో ఉన్న స్పీకరుని పావు మీటరుకి తెస్తే 12 డెసిబెల్స్, అంటే ఆంప్ పవర్ 16 రెట్లు పెంచినట్టు. అదీ పైసా కరెంటు ఖర్చు లేకుండా. సిగ్నల్ దగ్గర పక్క కారువాడికి నా పాట వినపడదు, నాకు ప్రతి మాటా తెలుస్తుంది.

మెత్తటి_టాపు:
డాలస్ బాబాయ్, హెడ్‌రెస్ట్‌లో పట్టే చిన్న స్పీకర్‌తో బేస్ వస్తుందా?

డాలస్_తెలుగోడు:
రాదు. గొంతు, వయొలిన్ బాగుంటాయి.

మెత్తటి_టాపు:
అయితే నా పని జరగనట్టే.

ఫ్యూజ్_బాక్స్:
సొంతంగా హెడ్‌రెస్ట్ కోసి స్పీకర్ దూర్చే పని మాత్రం చేయొద్దు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మెడని కాపాడేది అదే. మీ బండికి రోల్ కేజ్ ఉంది కదా, బోల్తా పడితే కాపాడే గొట్టాల చట్రం. ఆ గొట్టానికి క్లాంపుతో బిగించే పాడ్ స్పీకర్లు దొరుకుతాయి, బోట్లకీ ఆఫ్‌రోడ్ బండ్లకీ వాడతారు. భుజం వెనక నుంచి చెవి వైపు తిప్పి పెట్టొచ్చు. ఆరున్నర అంగుళాలవి ఉంటాయి కాబట్టి మిడ్‌బేస్ కూడా వస్తుంది.

ఉప్పుగాలి:
బాగుంది. ఇప్పటిదాకా బండి లోపల ఉన్న స్పీకర్లని ఇప్పుడు బయటికి తెచ్చి పైన కట్టమంటున్నారు. జాతర మైకులాగా.

ఫ్యూజ్_బాక్స్:
మీకు సౌండ్ సిస్టమ్ గురించి తెలియకపోతే ఊరుకోండి. థ్రెడ్ మొదలైనప్పటి నుంచి ఏది చెప్పినా అడ్డం పడుతున్నారు. చిలుం అన్నారు, దొంగ అన్నారు, చెవి అన్నారు. అసలు మీ బాధేంటి?

ఉప్పుగాలి:
చెప్తాను. మా ఇల్లు బీచ్ రోడ్డుకి ఆనుకుని ఉంది. నాన్నగారికి బైపాస్ అయింది. డాక్టర్ చెప్పిన మొదటి మాట నిద్ర. శనివారం రాత్రి పన్నెండు దాటాక టాప్ లేని జీపులు భీమిలి వైపు వెళ్తాయి. పాట వినపడదు, దుబ్ దుబ్ అని కిటికీ అద్దం అదురుతుంది. ఆయన మంచం మీద లేచి కూర్చుంటారు, మళ్లీ తెల్లారేదాకా పడుకోరు. కిటికీలు మూసినా లాభం లేదు. గొంతునైతే గోడ ఆపుతుంది, బేస్‌ని ఆపదు. ఫ్యూజ్_బాక్స్ గారూ, ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతానికి రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఫోన్ చేస్తే పోలీసులు వచ్చేలోపు జీపు తగరపువలస దాటిపోతుంది. అందుకే అడ్డం పడుతున్నాను. ఇంకా పడతాను.

చినుకు:
నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారండీ?

ఉప్పుగాలి:
పర్వాలేదు. అడిగినందుకు థ్యాంక్స్.

మెత్తటి_టాపు:
మీ నాన్నగారు కోలుకోవాలి. కానీ ఎవడో రాత్రి చేసిన పనికి నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. నేను రాత్రి పూట బయటికే వెళ్లను. ఆదివారం పొద్దున్నే బయల్దేరి ఎండెక్కేసరికి తిరిగొస్తాను.

నా సంగతీ వినండి. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. హాల్లో అమ్మ టీవీ, లోపల పాప నిద్ర. ఏడాది నుంచి ఇంట్లో స్పీకర్ ఆన్ చేయలేదు, ఆఫీసులో రోజంతా హెడ్‌సెట్టే. మా నాన్న మృదంగం వాయించేవారు. ఆయన కచేరీల క్యాసెట్లు ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఎడమ మూత మీద అరచేతి మడమ జరుపుతూ గుమ్కీ వేస్తారు చూడండి, కిందికి దిగి మళ్లీ పైకి లేచే నాదం, ఫోన్‌లోనూ హెడ్‌సెట్‌లోనూ అది సగమే. నాకు కావాల్సింది అది. నాకంటూ ఉన్న చోటు ఆ బండి ఒక్కటే. నా డబ్బుతో కొన్న బండిలో మా నాన్న వాయిద్యం వినడానికి ఎవరి పర్మిషన్ అడగాలి?

ఉప్పుగాలి:
మీ నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. టాప్ తీసేంతవరకే అది మీ చోటు. తీశాక అది రోడ్డు. గుమ్కీ మీకు నాదం, దారి పక్క ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్లకి దుబ్ దుబ్. టాప్ మూయండి, గుమ్కీ పూర్తిగా వినపడుతుంది. క్యాబిన్ బేస్ పెంచుతుందని ఇక్కడే రాశారు కదా.

మెత్తటి_టాపు:
టాప్ మూసి వినాలంటే హ్యాచ్‌బ్యాక్ కొనేవాడిని.

ఫ్యూజ్_బాక్స్:
అసలు కావాల్సింది నాన్నగారి మృదంగమేనని మొదటే చెప్పాల్సింది. అప్పుడు సబ్ మాటే వచ్చేది కాదు. ఎడమ మూత నాదంలో అసలు బలం మిడ్‌బేస్‌లోనే, 30 హెర్ట్జ్‌తో మీకు పనిలేదు. పాడ్లు ఒక జత, చిన్న నాలుగు ఛానెళ్ల క్లాస్ డి ఆంప్ (తక్కువ కరెంటు తినే రకం), ఒక డీఎస్‌పీ, అంటే ఏ శబ్దం ఎంత రావాలో సర్దే డిజిటల్ పెట్టె. డీఎస్‌పీలో 60 హెర్ట్జ్ కింద మొత్తం కోసేయండి, స్పీకర్‌కి శ్రమ తగ్గుతుంది. టాప్ మూసినప్పుడు ఒక సెట్టింగ్, తీసినప్పుడు ఇంకో సెట్టింగ్ సేవ్ చేసుకోండి. రెండింటికీ ఒకటే వాడితే ఏదో ఒకటి చెడుతుంది. 60 కింద కోసేస్తే ఉప్పుగాలి గారు చెప్పిన కిటికీ అదురు కూడా చాలావరకు ఉండదు.

ఉప్పుగాలి:
చాలావరకు. ఆ మాట గుర్తుపెట్టుకుంటాను. హెడ్‌రెస్ట్ స్పీకర్లకి నాకు అభ్యంతరం లేదు. పాడ్లకి ఉంది, ఊరు దాటేదాకా ఆపితే తప్ప.

మెత్తటి_టాపు:
ఊళ్లో వాల్యూమ్ తగ్గిస్తాను. ఆపను.

ఉప్పుగాలి:
అదే నా బాధ.

డాలస్_తెలుగోడు:
తమ్ముడూ, ఏదైనా కొనేముందు ఒక పని చెయ్. బ్యాటరీతో నడిచే బ్లూటూత్ స్పీకర్ ఒకటి ఎవరినైనా అడిగి తెచ్చుకో. వెనక సీట్లో ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, దాన్ని నీ భుజం వెనక పాడ్ రావాల్సిన చోట పట్టుకోమను. టాప్ తీసి ఎనభైలో నాన్నగారి రికార్డింగ్ పెట్టు. ఆ చోటు నుంచి నాదం ఎంత అందుతుందో తెలిసిపోతుంది.

మెత్తటి_టాపు:
ఇది బాగుంది. ఈ ఆదివారం చూస్తాను.

కాకినాడ_కుర్రోడు:
పాడ్ వైర్లు రోల్ కేజ్ గొట్టం వెంట తెస్తారు కదా, టాప్ మడిచినప్పుడు నలగకుండా ఎక్కడ క్లిప్పు వేయాలి? ఎవరైనా ఫొటో పెట్టండి.