ఎంపీ పనితీరు మీద నివేదిక రాయాలంటే ఏ కాగితాలు, ఎక్కడ అడగాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఓటేశాక ఐదేళ్లు ఊరుకోవడమేనా అని మా ఊళ్లో కొంతమందిమి ఒక బృందంగా కలిశాం. మా లోక్‌సభ సభ్యుడి పనితీరు మీద కాగితాల ఆధారంతో ఒక నివేదిక రాసి, ఊరి సభలో చదివి, ఆయనకూ ఒక ప్రతి ఇవ్వాలన్నది ఆలోచన. విన్నమాటలు, వాట్సాప్ లెక్కలు ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

ఎంపీల్యాడ్స్ (ఎంపీ నియోజకవర్గ అభివృద్ధి నిధులు) డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఎవరిని అడగాలి? ఎంపీ గారి పేరు మీదే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేయొచ్చా? పార్లమెంటులో ఆయన హాజరు, ప్రశ్నలు, బిల్లుల మీద వేసిన ఓట్లు ఎక్కడ దొరుకుతాయి? ఆస్తులు, ఎన్నికల ఖర్చు సంగతేమిటి? పని చేయని ఎంపీని మధ్యలో వెనక్కి పిలిపించే దారి ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పండి.

సీపీవో ఫైలు:
ఎంపీ పేరు మీద ఆర్టీఐ వేయకండి. దరఖాస్తు తీసుకుని జవాబివ్వాల్సింది ప్రభుత్వ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి. ఎంపీ క్యాంపు ఆఫీసులో అలాంటి అధికారి ఉండరు. పైగా ఎంపీల్యాడ్స్ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన ఫలానా పని కావాలని సిఫారసు చేస్తారు. నిబంధనలకు సరిపోతుందో లేదో చూసి మంజూరు చేసేది కలెక్టరు. పని చేసేది పంచాయతీరాజ్ ఇంజనీరింగో, గ్రామీణ నీటి సరఫరా విభాగమో, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)యో. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ ఫైళ్లు నడిచేది ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో. కలెక్టరేట్‌లో సీపీవో ఆఫీసు అని అడగండి.

ఈ పథకం 1993 డిసెంబరు 23న మొదలైంది. 2011-12 నుంచి ఒక్కో ఎంపీకి ఏటా 5 కోట్లు. పాత ఎంపీతో పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కోవిడ్ వల్ల 2020-21లో నిధులు మొత్తం ఆపేశారు, 2021-22లో 2 కోట్లే ఇచ్చారు. ఆ రెండేళ్లను మామూలు ఏడాదుల్లా లెక్కేస్తే నివేదిక మొదటి పేజీలోనే తప్పు దొర్లుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి, సిఫారసులు, మంజూర్లు ఈ-సాక్షి పోర్టల్ ద్వారా నడుస్తున్నాయి.

"నిధులు ఖర్చు కాలేదు" అన్న వార్త కనబడగానే అందరూ ఎంపీని తిడతారు. అసలు లోపం మూడు చోట్ల ఎక్కడైనా ఉండొచ్చు. ఆయన సిఫారసే చేయకపోవచ్చు. సిఫారసు చేసినా కలెక్టరేట్‌లో ఆగి ఉండొచ్చు. మంజూరయ్యాక స్థలం తేలకో, టెండరు పడకో ఇంజనీర్ల దగ్గర నిలిచిపోవచ్చు. అందుకని ఒక్కో పనికి నాలుగు తేదీలు అడగండి: సిఫారసు అందిన తేదీ, పరిపాలనా అనుమతి తేదీ, పని మొదలైన తేదీ, పూర్తయిన తేదీ. వాటి పక్కన అంచనా మొత్తం, చెల్లించిన మొత్తం, పని చేసిన విభాగం పేరు. ఆ తేదీలు వరసగా చూస్తే ఎవరి బల్ల మీద ఎన్ని నెలలు పడుందో తెలిసిపోతుంది. నా దృష్టిలో నివేదిక మొత్తానికి ప్రాణం ఈ పట్టికే.

దరఖాస్తులో "ఎందుకు చేయలేదు", "ఇది న్యాయమేనా" అని రాయకండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం రికార్డులో ఉన్నదే సమాచారం. అభిప్రాయం అడిగితే తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అందిన సిఫారసుల జాబితా ప్రతి ఇవ్వండి" అని రాస్తే తప్పించుకోలేరు. రెండు రాష్ట్రాల నిబంధనల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవారు దాని ప్రతి జతచేస్తే ఫీజు కట్టక్కర్లేదు. పోస్టులో పంపేవారికి ఇండియన్ పోస్టల్ ఆర్డర్ సులువు. దాని నంబరు దరఖాస్తులో రాసి, జిరాక్సు దాచుకోండి. గడువు 30 రోజులు.

అన్నీ ఒక్క దరఖాస్తులో అడగొద్దు. వందల పేజీలకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమంటారు, లేదా సిబ్బంది మొత్తం దీనికే సరిపోతారని వెనక్కి పంపుతారు. మొదట జాబితా తెప్పించుకుని, అందులో మీ చుట్టుపక్కల ఐదారు పనులు ఎంచుకోండి. వాటికి మాత్రం అంచనా, కొలతల పుస్తకం (ఎం-బుక్), పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం, వినియోగ ధ్రువపత్రం అడగండి. సిమెంటు రోడ్డు అయితే ఎం-బుక్‌లో రాసిన పొడవు, వెడల్పు, మందం పట్టుకెళ్లి టేపుతో కొలవండి. మందం మీద అనుమానం వస్తే అదే చట్టంలోని 2(జె) వాడండి. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు అందులోనే ఉన్నాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఎస్సీలు ఎక్కువగా ఉండే ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీలు ఉండే ప్రాంతాలకు 7.5 శాతం సిఫారసు చేయాలి. ఈ లెక్క కింద చూపిన పనుల జాబితా విడిగా అడిగి, ఆ పని నిజంగా ఆ పేటలోనే ఉందా, లేక ఊరి మెయిన్ రోడ్డునే ఆ పద్దులో రాశారా చూడండి. గుడి, మసీదు, చర్చి పనులకు, ఒక వ్యక్తికో కుటుంబానికో మాత్రమే ఉపయోగపడే ఆస్తులకు ఈ డబ్బు వాడకూడదు. కట్టినదానికి మనుషుల పేర్లు పెట్టడమూ నిషేధమే.

శూన్యగంట:
పార్లమెంటు సంగతి నేను చెబుతాను. హాజరు, ప్రశ్నలు, చర్చల వివరాలు పార్లమెంటు అధికారిక వెబ్‌సైటు సంసద్‌లో సభ్యుడి పేరుతో దొరుకుతాయి. అయితే వాటిని చదివే పద్ధతి తెలియకపోతే అన్యాయంగా రాసేస్తాం.

మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలూ వేయరు. ప్రతిపక్ష నాయకుడికీ సంతకం అవసరం లేదు. కాబట్టి మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే "హాజరు సున్నా, ప్రశ్నలు సున్నా" అని రాయడం తప్పు. మంత్రిని కొలవాల్సింది ఆయన శాఖ ఇచ్చిన జవాబులతో, సభలో ఇచ్చిన హామీలతో. ఆ హామీల అమలు చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, దాని నివేదికలు అందరికీ అందుబాటులో ఉంటాయి.

లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20. వీటికి మంత్రి సభలో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనివి 230 వరకు, రాతపూర్వక జవాబుతో సరి. ఏవి రావాలన్నది లాటరీలో తేలుతుంది. ఒకే ప్రశ్న కింద ఐదారుగురు ఎంపీల పేర్లు కలిపి వేస్తుంటారు. అందువల్ల "300 ప్రశ్నలు వేశారు" అన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ప్రశ్న పాఠాలు దించుకుని మీ నియోజకవర్గానికి, మన రాష్ట్రానికి సంబంధించినవి ఎన్ని, మిగతావి దేని మీద అని వేరు చేయండి. లోక్‌సభ నిబంధనల్లోని రూల్ 377 కింద లేవనెత్తిన అంశాలు, ప్రైవేటు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు సొంతంగా పెట్టేవి) కూడా చూడండి. ఎంపీ సొంత చొరవ కనబడేది ఇక్కడే.

ఓట్ల విషయంలో నిరాశ తప్పదు. ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో అయిపోతాయి, ఎవరు ఎటు అన్నారో రికార్డు ఉండదు. డివిజన్ (ఓట్లను లెక్కించడం) అడిగినప్పుడే పేర్లు నమోదవుతాయి. అప్పుడు కూడా 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్ (ఇలా ఓటేయాలన్న ఆదేశం) ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి "ఈ బిల్లుకు ఎందుకు ఓటేశారు" అని ఆయన్ని నిలదీసేటప్పుడు, అదే ప్రశ్న పార్టీకీ రాతపూర్వకంగా పంపండి.

పార్లమెంటు స్థాయీ సంఘాలను (ఎంపీల కమిటీలను) ఎవరూ పట్టించుకోరు. శాఖలవారీ సంఘాలు 24 ఉన్నాయి, బిల్లులు, పద్దులు పంక్తి పంక్తిగా చూసేది అక్కడే. సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి కానీ, నివేదిక చివర అనుబంధంలో ఆ సమావేశాల మినిట్స్ ఉంటాయి. వచ్చిన సభ్యుల పేర్లు అందులో చూడొచ్చు. మీ ఎంపీ ఏ సంఘంలో ఉన్నారో చూసి, నివేదికల చివరి పేజీలు తిరగేయండి.

వెనక్కి పిలిపించే హక్కు మన దేశంలో ఎంపీల విషయంలో లేదు. అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకు రాకపోతే రాజ్యాంగం 101(4) అధికరణ ప్రకారం సభ ఆ స్థానాన్ని ఖాళీ అని ప్రకటించవచ్చు. నిర్ణయం సభదే, ఓటరుది కాదు.

ఫారం ఇరవైఆరు:
ఆస్తుల గురించి. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్ ఫారం 26లో ఉంటుంది, ఎన్నికల సంఘం సైటులో దొరుకుతుంది. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాతే ఇది తప్పనిసరైంది. 2019ది, 2024ది పక్కపక్కన పెట్టుకోండి. "ఆస్తి మూడింతలైంది" అని వెంటనే రాయకండి. అదే భూమికి మార్కెట్ విలువ పెరిగి ఉండొచ్చు. సర్వే నంబర్లు, ఎకరాలు, కొన్న తేదీ, అప్పులు పోల్చండి. కొత్త సర్వే నంబరు వచ్చిందా, పాతది జాబితా నుంచి మాయమైందా అన్నది ముఖ్యం. ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం కూడా అందులోనే ఉంటుంది. తప్పుడు అఫిడవిట్‌కు ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఎన్నికనే రద్దు చేయమని కోరే పిటిషన్‌కు మాత్రం ఫలితం వచ్చిన నాటి నుంచి 45 రోజులే గడువు, అది దాటిపోయింది.

మన రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2024లో 95 లక్షలు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి. దీనికి ఆర్టీఐ అక్కర్లేదు, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 88 ప్రకారం ఒక్క రూపాయి ఫీజుతో ఎవరైనా ఆ లెక్కలు చూడొచ్చు. ఎన్నికల ఖర్చు పరిశీలకులు విడిగా రాసుకునే నీడ రిజిస్టరులో ఉన్నదీ, అభ్యర్థి చూపినదీ ఎక్కడ తేడా వచ్చిందో చూడండి. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదన్నది నన్ను బాగా బాధించే విషయం. అభ్యర్థి లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా బొమ్మ సగమే. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు కొట్టేశాక, మార్చిలో బయటపెట్టిన జాబితాల్లో ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఉంది. 20,000 రూపాయలు దాటిన విరాళాల వార్షిక నివేదికలూ ఎన్నికల సంఘం సైటులో ఉంటాయి. మీ నివేదికలో పార్టీకి ఒక పేజీ కేటాయించండి.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. మా నియోజకవర్గం ఒకటి కంటే ఎక్కువ జిల్లాల్లో ఉంది, ఏ కలెక్టరేట్‌కు వేయాలి? "ఇది మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం" అని తిప్పికొడితే ఏం చేయాలి?

సీపీవో ఫైలు:
ప్రతి ఎంపీకి ఒక నోడల్ జిల్లా ఉంటుంది. మొత్తం లెక్క అక్కడే. పని జరిగిన జిల్లా వేరైతే ఎం-బుక్ ఆ జిల్లా ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. తెలంగాణలో 33 జిల్లాలు, 17 లోక్‌సభ స్థానాలు కాబట్టి ఇది మామూలే. పొరపాటున వేరే ఆఫీసుకు వేసినా 6(3) ప్రకారం ఐదు రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి. ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో ముందే రాయండి.

వ్యక్తిగత సమాచారం సాకు ఇప్పుడు ఎక్కువవుతుంది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, అందులో ఉన్న ప్రజాప్రయోజన మినహాయింపును తీసేసింది. కానీ 8(2) అలాగే ఉంది: కలిగే హాని కన్నా ప్రజాప్రయోజనం పెద్దదైతే సమాచారం ఇవ్వొచ్చు. "ప్రజాధనంతో జరిగిన పని, 8(2) వర్తిస్తుంది" అని ఒక వాక్యం చేర్చండి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు మీరే అడగకండి, తిరస్కరించడానికి దారి ఇచ్చినట్టవుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది చాలకపోయినా మరో 30 రోజుల్లోపు 19(1) కింద మొదటి అప్పీలు, అదే ఆఫీసులోని పై అధికారికి. అది తేలడానికి 30 రోజులు, కారణం రాస్తే 45. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే కాగితాలకు 7(6) ప్రకారం డబ్బు తీసుకోకూడదు. కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అయితే కమిషన్‌నే నమ్ముకుని కూర్చోకండి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేక అప్పీళ్లు పేరుకుపోయాయి. మొదటి అప్పీలు విచారణకు స్వయంగా వెళ్లండి. చాలా కాగితాలు ఆ గదిలోనే చేతికొస్తాయి.

శూన్యగంట:
దిశ కమిటీని (జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీ) మర్చిపోకండి. 2016లో పెట్టిన ఈ జిల్లా కమిటీకి సాధారణంగా లోక్‌సభ ఎంపీయే అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి. ఉపాధి హామీ, గ్రామీణ సడక్, ఇళ్ల పథకం లాంటి కేంద్ర పథకాలన్నీ ఇందులో సమీక్షించాలి. మూడు నెలలకోసారి కూర్చోవాలి, అంటే ఏడాదికి నాలుగు. గత రెండేళ్ల సమావేశాల తేదీలు, హాజరైనవారి జాబితా, మినిట్స్, తీసుకున్న చర్యల నివేదికలు అడగండి. ఎంపీల్యాడ్స్‌లో తప్పు కలెక్టరేట్‌ మీదికి నెట్టొచ్చు కానీ, ఈ సమావేశానికి మీ ఎంపీయే అధ్యక్షుడైతే ఇక్కడ ఆయనే జవాబు చెప్పాలి.