‘కనిపెట్టుకొని యుండుము’: మార్చాలా, ఉంచాలా?

ప్రశ్న:
క్రిస్మస్‌కు ముందు మా మందిరం గోడకు మళ్ళీ రంగులు వేయిస్తున్నారు. దాని మీద "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" (కీర్తనలు 27:14) అన్న వాక్యం ఉంది. ఇప్పటి పిల్లలకు కనిపెట్టడం అంటే కొత్త మందు కనిపెట్టడం, దొంగను కనిపెట్టడం, అంతే. "ఎదురుచూడుము" అని రాయిద్దామా అని యూత్ వాళ్ళు అడుగుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు:
దయచేసి మార్చకండి. మా ఇంట్లో ఇది రోజూ వినబడే మాట. ‘పాలు పొయ్యి మీద ఉన్నాయి, కనిపెట్టుకొని ఉండు.’ ‘పిల్లాడు కాలవ గట్టున ఆడుతున్నాడు, కాస్త కనిపెట్టుకో.’ కను అంటే చూడటం. ఎప్పుడు పొంగుతాయో తెలియని పాల మీద చూపు నిలిపి ఉంచడం కనిపెట్టడం. ఎదురుచూసేవాడు అరుగు మీద ఓ కునుకు తీసినా ఎదురుచూస్తున్నట్టే. కనిపెట్టుకొని ఉన్నవాడు కన్ను మూయడానికి లేదు. 130వ కీర్తనలో ‘కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా’ అన్నప్పుడు ఆ మాట బరువు తెలుస్తుంది. కావలివాడు తూర్పు వైపు చూస్తూనే తన వెనక నిద్రపోతున్న ఊరినీ కాస్తుంటాడు.

రోమా 8:25 చూడండి: ‘మనము చూడనిదాని కొరకు నిరీక్షించిన యెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము.’ గ్రీకులో ఇక్కడ రెండు వేర్వేరు క్రియలున్నాయి, ఎల్పిజో, అపెక్దెఖోమై అని. మన అనువాదకులూ రెండు మాటలు వాడారు. సంస్కృతంలో ఈక్షణం అంటే చూపు, అందుకని నిరీక్షణలోనూ కన్నుంది. చూడనిదాని గురించి చెప్పే వాక్యంలో మూడుసార్లు చూపు! చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఈ మాట నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఆసుపత్రిలో. నాన్నకు ఆపరేషన్ అయిన రాత్రి మా మేనత్త ‘నువ్వు కాసేపు నడుం వాల్చరా, నేను కనిపెట్టుకొని ఉంటా’ అంది. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని సెలైన్ సీసా వైపే చూస్తోంది. నీళ్ళు సీసా మెడ దాకా దిగగానే లేచి సిస్టర్‌ని పిలిచేది. నాన్న చేతి మీద దోమ వాలితే కొంగుతో తోలేది. నాకు మెలకువ వచ్చినప్పుడల్లా పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ‘ప్రార్థన చేస్తున్నావా అత్తా?’ అన్నాను. ‘కనిపెడుతున్నానురా’ అంది. దేవుడికోసమా, సీసానా అని నేను అడగలేదు.

మరో సందేహం:
చాలా బాగా చెప్పారండీ. మరి 1 కొరింథీయులకు 13:13లో ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ’ అన్నారు కదా. మనం మామూలుగా ఆశ అంటాం. అదెందుకు పెట్టలేదు?

జవాబు:
ఆశ తప్పు మాటేం కాదండీ. కీర్తనలు 130:5లో ‘ఆయన మాటమీద నేను ఆశపెట్టుకొనియున్నాను’ అనే ఉంది. కాకపోతే తెలుగులో ఆశ అనగానే పక్కన ఆశపోతు, అత్యాశ, దురాశ కూడా వచ్చి కూర్చుంటాయి. నిరీక్షణకు ఆ మచ్చ లేదు. మీరు చెప్పిన 1 కొరింథీయులకు 13లోనే 7వ వచనంలో ప్రేమ ‘అన్నిటిని నిరీక్షించును’ అని ఉంది. అక్కడ ‘అన్నిటిని ఆశించును’ అని పెట్టి చదవండి. ప్రేమ చెయ్యి చాచి అడుగుతున్నట్టు వినబడుతుంది. మా అత్త ఆ రాత్రి ఏమీ ఆశించలేదు.

ఇంకొకరు:
హీబ్రూ సంగతి ఒకటి. కీర్తనలు 27:14లోని క్రియ ‘కవా’. దాని కుటుంబంలోదే ‘తిక్వా’, అంటే నిరీక్షణ. అదే మాటకు తాడు అనే అర్థమూ ఉంది. యెహోషువ 2వ అధ్యాయంలో యెరికో ఊరి రాహాబు, తాను దాచిన ఇశ్రాయేలు వేగులవాళ్ళు తన ఇంటిని కాపాడతామని మాట ఇస్తే, దానికి గుర్తుగా కిటికీకి కట్టిన తొగరుదారానికి వాడింది ఈ మాటే. ఊరు కూలిపోతుంటే ఆ ఇంటివాళ్ళు ఆ దారాన్నే నమ్ముకుని కూర్చున్నారు. తొగరు అంటే ఎరుపు, ఈ మాటను కూడా పిల్లలకు చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ వందనాలు. తమ్ముడు మస్కట్‌లో పనిచేస్తాడు, శుక్రవారం ఫోన్ చేస్తాడు. ఆ రోజు అమ్మ ఫోన్‌ని వంటింటి గట్టు మీద గోడకు ఆనించి, తెర కనబడేలా పెట్టుకుని కూరలు తరుగుతుంది. దానికి సరైన క్రియ ఇప్పుడు దొరికింది. పాస్టరు గారితో మాట్లాడాను. పాత అక్షరాల మీదే రంగు దిద్దిస్తున్నారు. ఆదివారం యూత్ కూటంలో పాల గిన్నె ఉదాహరణతో పది నిమిషాలు నన్నే చెప్పమన్నారు.