కేబుల్ తీసేసి యాప్‌లలోనే మ్యాచ్‌లు చూడవచ్చా? మారినవారి అనుభవాలు కావాలి

పెన్నా_గట్టు: నెల్లూరులో మా ఇంటి కేబుల్‌కు నెలనెలా కడుతున్నది దాదాపు ఆటల కోసమే. క్రికెట్, ప్రో కబడ్డీ నేను చూస్తాను; నాన్నగారు తెలుగు వ్యాఖ్యానం లేనిదే మ్యాచ్ ముందు కూర్చోరు. ఫైబర్ ఇంటర్నెట్, స్మార్ట్ టీవీ రెండూ ఉన్నాయి కనుక కేబుల్ తీసేద్దామనుకుంటున్నాను. ఇప్పటికే మారినవారు ఏమంటారు?

మూడో_స్లిప్: తెలుగు వ్యాఖ్యానం గురించి బెంగ అక్కరలేదు, పెద్ద మ్యాచ్‌లకు యాప్‌లోనే భాష మార్చుకోవచ్చు. ముందుగా చూసుకోవలసింది ప్రసార హక్కుల సంగతి. ఐపీఎల్ 2023–27 హక్కులను బోర్డు టీవీకి, డిజిటల్‌కు విడివిడిగా వేలం వేయగా, టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలకు స్టార్‌కు, డిజిటల్ హక్కులు వయాకామ్18కు దక్కాయి. ఆ పోటీ పుణ్యమా అని 2023, 2024 సీజన్లను జియోసినిమాలో పైసా కట్టకుండా చూశాం. రెండు సంస్థల వ్యాపారాలూ కలిసి, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ మొదలయ్యాక ఆ ముచ్చట తీరిపోయింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో మన జట్టు ఆడిన టెస్టులు టీవీలోనేమో సోనీలో, ఆన్‌లైన్‌లోనేమో జియోహాట్‌స్టార్‌లో వచ్చాయి. ఆ తర్వాత ఆసియా కప్ చూడాలంటే సోనీలివ్ కావలసి వచ్చింది. ఒక్క యాప్‌తో ఏడాది గడిచిపోతుందని మాత్రం అనుకోకండి.

లెక్కల_పుస్తకం: ఖర్చు సంగతి. 2019లో ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం అమలులోకి వచ్చినప్పుడు, కేబుల్ కనెక్షన్‌కే కట్టే నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. అంటే ఒక్క పే ఛానెల్ కూడా తీసుకోకముందే నెలకు 153 రూపాయల 40 పైసలు. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు రెండు పరికరాల్లో నడిచే సూపర్ ప్లాన్ మూడు నెలలకు 299 రూపాయలు. అప్పటి 149 రూపాయల ప్లాన్ ఫోనుకు మాత్రమే పరిమితం, టీవీలో ఆడేది కాదు. ధరలు మారుతుంటాయి కనుక కట్టేముందు మరోసారి చూసుకోండి. ప్రకటనలు ఉండవని చెప్పే ప్రీమియం ప్లాన్‌లో కూడా ప్రత్యక్ష ప్రసారాల్లో ప్రకటనలు వస్తాయి. యాలకుల ప్రకటన నుంచి ఎవరికీ విముక్తి లేదు.

పై_అంతస్తు: హైదరాబాదులో మాది అపార్ట్‌మెంటు, కింది ఇంటివారిది కేబుల్. మా టీవీలో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే కింద నుంచి కేకలు వినిపిస్తాయి. వికెట్టా సిక్సరా అన్నది గొంతును బట్టి మా పిల్లలు ముందే చెప్పేస్తారు. యాప్‌లో వీడియో ఒకే ధారగా రాదు. దానిని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను పలు నాణ్యతల్లో తయారుచేసి పంపుతారు. మన టీవీ కొన్ని ముక్కలను పోగుచేసుకున్నాక గాని ఆడించదు. అందువల్ల అర నిమిషం దాకా వెనకబడడం మామూలే. ఎంత వేగవంతమైన ఇంటర్నెట్ పెట్టినా ఈ జాప్యం పూర్తిగా పోదు. ఫోనులో స్కోరు నోటిఫికేషన్లు, బంధువుల వాట్సాప్ గ్రూపు ఆపేసుకుంటే సగం బాధ తగ్గుతుంది. కింది ఇంటివారిని ఆపలేం కదా!

రూటర్_పక్కన: సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున వీడియో వస్తే గంటకు 3.6 జీబీ అవుతుంది, నాలుగు గంటల టీ20కి 14 జీబీ దాటుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్లాన్‌ను హాట్‌స్పాట్ పెట్టి నెట్టుకురావడం కుదరదు. ఫైబర్ ఉన్నా, టీవీ వేరే గదిలో ఉంటే వైఫై బదులు రూటర్ నుంచి నేరుగా తీగ లాగించండి. చివరి ఓవర్లో బొమ్మ మసకబారడం చాలావరకు తగ్గుతుంది. ఇంకొక మాట: మన ఊళ్లలో చాలాచోట్ల ఇంటర్నెట్ ఇచ్చేది కూడా కేబుల్ ఆపరేటరే. స్తంభం దగ్గర తీగ తెగితే అదీ ఇదీ ఒకేసారి పోతాయి కనుక, రెండూ ఉంచుకుంటే ఒకటైనా పనిచేస్తుందన్న ధీమా మీకు వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

దూరదర్శన్_తరం: దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ, డీడీ ఫ్రీ డిష్ ఎవరికీ గుర్తు రాలేదా? జాతీయ ప్రాధాన్యమున్న మ్యాచ్‌ల ప్రసారాన్ని దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. ఆ ప్రసారాన్ని కేబుల్‌కు, ప్రైవేటు డీటీహెచ్‌లకు మళ్లించకూడదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కాబట్టి, దానికి సొంత డిష్ ఉండాలి. ఒకసారి కొనుక్కుంటే నెలవారీ చందా లేదు. అయితే ఐపీఎల్, కబడ్డీలకు దానిని నమ్ముకోలేరు.

పెన్నా_గట్టు: అందరికీ ధన్యవాదాలు. ఆలస్యం మాకు సమస్య కాదు, పక్కింటివారు సీరియళ్లే చూస్తారు. మూడు నెలల చందా తీసుకుంటాను. అప్పటివరకు కేబుల్‌ను రద్దు చేయకుండా ఆపి ఉంచవచ్చా?

లెక్కల_పుస్తకం: ఉంచవచ్చు. తాత్కాలికంగా నిలిపివేయమని అడిగే వీలు ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది. కేబుల్ అబ్బాయితో నోటిమాటగా చెప్పి వదిలేయకుండా ఆపరేటరుకు సందేశం పంపి, సెట్‌టాప్ బాక్స్ నంబరు కూడా అందులో రాయండి.