బందరులో ఒక్క రోజు, అమ్మతో

ప్రశ్న: వచ్చే శనివారం అమ్మను మచిలీపట్నం (బందరు) తీసుకెళ్తున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. పాత ఊరు చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: నేను పుట్టి పెరిగింది బందరులోనే. ఎండ ముదరకముందే డచ్చివాళ్ల సమాధులకు వెళ్లండి. 17వ శతాబ్దంలో రాతి మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ వేలికి తగులుతాయి. తర్వాత బందరుకోట. పెద్ద బురుజులు ఊహించుకోకండి, మిగిలింది కొన్ని శిథిలాలే. ఈ ఊరిని ముంచిన 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. మా నాయనమ్మ తను చూడకపోయినా, ఆ మాట ఎత్తితే గొంతు తగ్గించేది. అక్కడ కాసేపు నిలబడండి.

దగ్గర్లోని పెడన ఊరు మాత్రం వదలొద్దు. కరక్కాయ, పాలు పట్టించి ఆరేసిన గుడ్డ మీద చెక్క అచ్చులతో కలంకారీ వేస్తుంటే అమ్మగారు కూర్చునే చూడొచ్చు. నలుపు రంగుకు ఇనుము, బెల్లం కలిపి ఊరబెడతారు.

మరొకరు: మంగినపూడి బీచ్‌లో నల్లమట్టి. పెద్దావిడ చెయ్యి వదలకండి. చిలకలపూడి పాండురంగడి గుడి దారిలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి బందరు లడ్డూ?

జవాబు: తొక్కుడు లడ్డు, బెల్లంతో చేసిందే అడగండి. జంతికలు దంచి చేస్తారు, పళ్లు లేనివాళ్లూ తినొచ్చు.