ఫైర్‌వాల్ రూల్‌లో సర్వర్ పేరు రాయాలా, ఐపీ రాయాలా?

కొత్త_అడ్మిన్:
అన్నలూ, మా ఆఫీసు నెట్ అంతా పోయే గేట్‌వే లైనక్స్ బాక్సు, దాని మీద ఎవరు ఎక్కడికి పోవచ్చో చూసే ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్. బ్యాకప్ క్లౌడ్‌కి పోతుంది. వాళ్లు సర్వర్ ఐపీ (నంబరు అడ్రసు) మార్చినప్పుడల్లా బ్యాకప్ ఆగిపోయి పొద్దున్నే నాకు తిట్లు. రూల్‌లో ఐపీ బదులు పేరు రాసేద్దామంటే మా సీనియర్ వద్దే వద్దంటున్నారు. ఎందుకు?

పాకెట్_పంతులు:
ఆయన చెప్పిందే కరెక్టు. ఐపీటేబుల్స్‌లో పేరు రాసినా లోపల మిగిలేది ఐపీయే. రూల్ ఎక్కించేటప్పుడు ఒక్కసారి, పేరుకి ఐపీ చెప్పే డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది, అంతే. రేపు ఐపీ మారితే దానికి తెలియదు, మీ తిట్లు మీకు తప్పవు. పైగా కరెంటు పోయి బాక్సు మళ్లీ లేచేసరికి డీఎన్‌ఎస్ అందకపోతే ఆ లైను ఫెయిల్. రూళ్లన్నీ ఒకేసారి ఎక్కించే ఐపీటేబుల్స్-రీస్టోర్ వాడుతుంటే ఆ ఒక్క లైను దెబ్బకి రూళ్ల టేబుల్ మొత్తం ఎక్కదు. ఇలా పేర్లు రాయడం చాలా చెడ్డ ఆలోచన అని దాని మాన్యువల్‌లోనే ఉంది.

రాత్రి_డ్యూటీ:
పంతులు గారూ, అది ఐపీటేబుల్స్ తంటా, పేరు చేసిన పాపం కాదు. పీఎఫ్‌సెన్స్ అనే ఇంకో ఫైర్‌వాల్‌లో అలియాస్ (అడ్రసుల గుంపు) చేసి అందులో పేరు పెడితే మామూలుగా 5 నిమిషాలకోసారి మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది.

సులువు_సుబ్బయ్య:
ఇంత గొడవెందుకు, ఆ సర్వర్ ఐపీ ఉన్న /24 (పక్కపక్క అడ్రసుల బ్లాకు) మొత్తం తెరిచేయ్.

పాకెట్_పంతులు:
256 అడ్రసులా? క్లౌడ్‌లో పక్క ఐపీ ఎవడిదో మీకు తెలుసా?

సులువు_సుబ్బయ్య:
254 అండి.

పాకెట్_పంతులు:
మెషీన్లకి ఇవ్వడానికి 254. ఫైర్‌వాల్ చూసేది 256.

సులువు_సుబ్బయ్య:
మాకు కోచింగ్‌లో 254 అనే చెప్పారు.

రాత్రి_డ్యూటీ:
ఆ లెక్క వదిలేయండి బాబూ. నా సంగతి వినండి. పాత కంపెనీలో ఒకాయన మీలాగే అన్నీ ఐపీలే రాసి, ఒక్క కామెంటూ పెట్టకుండా రిజైన్ చేసి పోయాడు. 140 రూళ్లు. ఏది తీస్తే ఏది పడిపోతుందో తెలీదు. మా చెల్లి పెళ్లి పీటల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. మీ ఐపీ భక్తులకి ఇది అర్థం కాదు.

పాకెట్_పంతులు:
కామెంటు రాయకపోవడం ఆయన బద్ధకం, ఐపీది కాదు. నేను ఎందుకు భయపడతానో చెప్పనా? మా దగ్గర డీఎన్‌ఎస్ వేరే టీమ్‌ది. ఎవరో ఒక రికార్డు మార్చారు, నా ఫైర్‌వాల్ దాన్ని నమ్మి కొత్త చోటికి దారి తెరిచింది. ఆడిట్‌లో నిలబెట్టింది మాత్రం నన్ను. పేరు రాశానంటే తాళంచెవి ఇంకొకరి జేబులో పెట్టినట్టే.

రాత్రి_డ్యూటీ:
అదీ అసలు సంగతి. మీ గొడవ డీఎన్‌ఎస్‌తో కాదు, ఆ టీమ్‌తో.

పాకెట్_పంతులు:
అవును, అయితే ఏంటి? సంతకం నాది.

కొత్త_అడ్మిన్:
అన్నా, మా దగ్గర డీఎన్‌ఎస్ చూసేదీ నేనే. ఆఫీసులో అందరికీ డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్‌ఎస్ సర్వర్ ఇచ్చాను.

పాకెట్_పంతులు:
ముందే చెప్పాలి కదయ్యా! ఒక ఐపీసెట్ (ఐపీల జాబితా) తయారుచేసి, రూల్ దాని మీద రాయి. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఐపీసెట్ ఆప్షన్ ఉంది, ఆ బ్యాకప్ సర్వర్ పేరు ఎవరు అడిగినా వచ్చిన ఐపీని సెట్‌లో వేస్తుంది. బ్యాకప్ మెషీన్ కూడా నీ డీఎన్‌ఎస్‌నే అడగాలి, బయటిది కాదు. సెట్‌కి టైమవుట్ (గడువు) పెట్టు, లేకపోతే పాత ఐపీలు అందులోనే పడుంటాయి.

రాత్రి_డ్యూటీ:
అంటే పేరే రాయమన్నట్టేగా :)

పాకెట్_పంతులు:
అతని డీఎన్‌ఎస్ అతనిది కాబట్టి.

సులువు_సుబ్బయ్య:
254.