మా యోగా సెంటర్ కోసం పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం – అమ్మకం మాటల్లా వినిపించకుండా ఎలా చెప్పాలి?

తిరుపతి_యోగశాల:

అందరికీ నమస్కారం. బైరాగిపట్టెడ దగ్గర మాది చిన్న సెంటర్. ఇద్దరు యోగా టీచర్లు, బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగాలో డిగ్రీ) చదివిన ఒక డాక్టరుగారు ఉన్నారు. పొద్దున యోగా బ్యాచ్‌లు, ప్రాణాయామం క్లాసు, మట్టిపట్టీ, అభ్యంగనం లాంటి ప్రకృతి చికిత్సలు మా సేవలు. తెలుగులో పాడ్‌కాస్ట్ పెట్టాలనుకుంటున్నాం. ఊళ్ళోవాళ్ళతో పాటు మెట్లదారిలో కొండెక్కడానికి బయటూళ్ళ నుంచి వచ్చేవాళ్ళూ వినాలని ఉంది.

టీవీలో పొద్దున్నే వచ్చే తైలం ప్రకటనల్లా మాత్రం ఉండకూడదు. అలాగని సెంటర్ పేరే ఎత్తకపోతే జీతాలు రావు. ఎపిసోడ్‌లో ఏం చెప్పాలి, ఫీజు సంగతి ఎక్కడ, ఎలా చెప్పాలి? ఎన్ని నిమిషాలు ఉండాలి? ఏ మైకు, ఏ గది? చట్టపరంగా అనకూడని మాటలేమైనా ఉన్నాయా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

చెవిన_పడే_మాట:

ముందు ఎపిసోడ్ సంగతి చూద్దాం, అమ్మకం దాని వెనకే వస్తుంది. విన్న మనిషి మీ సెంటర్‌కి రాకపోయినా, ఆ ఎపిసోడ్‌తో ఒక పని పూర్తిగా చేసుకోగలగాలి. "మిగతాది మా క్లాసులో చెబుతాం" అని సగంలో ఆపితే, అది ప్రకటనేనని వినేవాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది. తర్వాతి ఎపిసోడ్ తెరవరు.

మీ ఊళ్ళోనే మంచి విషయం ఉంది. అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకా నిలువు ఎక్కుడు, తర్వాత కొంత దూరం చదును, చివర్లో మోకాళ్ళమిట్ట దగ్గర మళ్ళీ నిలువు ఎక్కుడు. రోజుకి నాలుగడుగులు నడవని మనిషి ఒక్కసారిగా ఎక్కితే కాళ్ళు పట్టేస్తాయి. దిగడం ఇంకా కష్టం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ రకం పనికి అలవాటు లేని కండరం మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువ నొప్పి పెడుతుంది. ఈ కారణం చెప్పి, మూడు వారాల ముందు నుంచి ఇంట్లో ఏం చేయాలో చెబితే చాలు, ఒక ఎపిసోడ్ అయినట్టే. "ఎక్కేటప్పుడు నడవండి, దిగేటప్పుడు బస్సెక్కండి" అని కూడా చెప్పండి. మీకు పైసా రాని ఈ సలహా వల్లే మీ మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

వ్యాయామం చెప్పేటప్పుడు జాగ్రత్త. "ఇలా కూర్చుని, కాలు ఇలా పెట్టి" అంటే వినేవాళ్ళకి ఏమీ కనిపించదు. చెవితోనే చేయగలిగేలా చెప్పాలి. ఉదాహరణకి: "చేతుల్లేని కుర్చీని గోడకి ఆనించండి. సీటు మీ మోకాలి ఎత్తులో, అంటే సుమారు 18 అంగుళాలు ఉండాలి. ముందు అంచున కూర్చోండి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ళకి కాస్త వెనక్కి. చేతులు ఆనించకుండా మామూలుగా లేవండి. కూర్చునేటప్పుడు మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టేంత నిదానంగా దిగండి. ఎనిమిది సార్లు. ఒక నిమిషం ఆగి మళ్ళీ, మొత్తం మూడు విడతలు. రోజు విడిచి రోజు. మోకాలి లోపల గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపేయండి." రికార్డు చేశాక, సెంటర్‌తో సంబంధం లేని ఒకరిని కళ్ళు మూసుకుని విని చేయమనండి. వాళ్ళెక్కడ తడబడ్డారో ఆ వాక్యం తిరగరాయాలి.

ఇక ఫీజు. ఎపిసోడ్‌లో ఒక్కచోటే చెప్పండి, వ్యాయామం పూర్తయ్యాక. కబుర్లలో కలిపేయకుండా, చెప్పబోతున్నామని ముందే అనండి. ఈ ధోరణిలో ఉంటే బాగుంటుంది:

"ఇప్పుడు ఒక్క నిమిషం మా సెంటర్ గురించి. మెట్లెక్కే ముందు కాళ్ళకి బలం తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి మూడు వారాల క్లాసు ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరున్నర నుంచి ఏడుంపావు దాకా. మొత్తం ఫీజు పద్దెనిమిది వందలు, దీనిమీద వేరే ఖర్చేమీ లేదు. మోకాలు వాచి ఉన్నవాళ్ళు, కాలు మోపితే పట్టు తప్పేవాళ్ళు ఈ క్లాసుకి రావద్దు, ముందు ఎముకల డాక్టరుకి చూపించుకోండి. ఇందాక చెప్పిన వ్యాయామం ఇంట్లో సొంతంగా చేసుకోగలిగితే మీకు క్లాసు అవసరం లేదు. తప్పు చేస్తున్నామేమో, పక్కనుండి ఒకరు చూస్తే బాగుండు అనుకునేవాళ్ళ కోసం ఇది."

ఎవరు రాకూడదో చెప్పడం వల్ల నష్టం లేదు. తప్పుడు మనిషి చేరితే రెండో వారంలో మానేసి ఫీజు వెనక్కి అడుగుతారు, బయట చెడ్డగా చెబుతారు. ధర దాచి "వివరాలకి ఫోన్ చేయండి" అంటే ఎక్కువమంది చేయరు, చేసినవాళ్ళు బేరానికే చేస్తారు. "ఈరోజే ఆఖరు, ఇంకా మూడే సీట్లు" లాంటివి నిజమైతేనే అనండి.

నిడివి 12 నుంచి 18 నిమిషాలు చాలు. వారానికొకటి చేయలేకపోతే పదిహేను రోజులకొకటి పెట్టండి, రోజు మాత్రం మారకూడదు. మొదటిది విడుదల చేసేనాటికి నాలుగు ఎపిసోడ్లు చేతిలో ఉంచుకోండి.

వినియోగదారు_పక్షం:

చట్టం గురించి అడిగారు కాబట్టి ఇది.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలులో ఉన్న జబ్బులను మందుతో నయం చేస్తామని ప్రకటించకూడదు. ఆ పట్టికలో షుగర్, హెచ్చు తగ్గు బీపీ, ఊబకాయం, కీళ్ళవాతం, పక్షవాతం, గుండె జబ్బులు, మూర్ఛ, క్యాన్సర్, స్త్రీలలో సంతానలేమి అన్నీ ఉన్నాయి. ప్రకటన అంటే కాగితమే కాదు. నోటితో చెప్పిందీ, శబ్దం ద్వారా ప్రసారం చేసిందీ ప్రకటనే అని చట్టంలోనే ఉంది, కాబట్టి పాడ్‌కాస్ట్‌కి మినహాయింపు లేదు. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. యోగా క్లాసు మందు కాదు నిజమే, కానీ మీరు వాడే తైలం, ఇచ్చే చూర్ణం, కషాయం ఆ లెక్కలోకి వస్తాయి.

సేవలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 2023 ఆగస్టులో ఆరోగ్య విషయాలు మాట్లాడేవాళ్ళకి విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. అర్హత ఉన్నవాళ్ళు ఆ అర్హత చెప్పాలి. డాక్టర్లమో నిపుణులమో అన్నట్టు మాట్లాడే ఇతరులు, ఇది వైద్య సలహాకి బదులు కాదని వినేవాళ్ళకి స్పష్టంగా తెలపాలి. నీళ్ళు తాగండి, రోజూ నడవండి లాంటి సాధారణ మాటలకి ఆ బాధ లేదు, వాటిని ఒక సేవకో జబ్బుకో ముడిపెట్టనంతవరకు.

మాటల్లో తేడా ఎలా ఉంటుందో చూడండి. "మా ప్రాణాయామంతో బీపీ మాత్ర మానేయొచ్చు" అనడం ప్రమాదం, అబద్ధం కూడా. "నాలుగు అంకెలు పీల్చి ఆరు అంకెలు వదిలే శ్వాస, పది నిమిషాలు, పడుకునే ముందు. మీ మాత్రలు మీ డాక్టరు చెబితే తప్ప మార్చవద్దు" అంటే చేసే పని చెప్పినట్టు. సేవని వర్ణించండి, ఫలితానికి హామీ ఇవ్వకండి.

పేర్ల విషయంలో కూడా. బీఎన్‌వైఎస్ చదివినవారిని డాక్టరుగారూ అనండి, యోగా టీచర్‌ని అనొద్దు. టీచర్లకి ఆయుష్ మంత్రిత్వశాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఉంటే ఏ స్థాయిదో చెప్పండి, అది గౌరవమే.

క్లయింట్ల గొంతుతో అనుభవాలు పెడితే ముందు కాగితం మీద సంతకం తీసుకోండి. ఏ ఎపిసోడ్‌లో, ఎక్కడెక్కడ వస్తుంది, వద్దంటే ఎన్ని రోజుల్లో తీసేస్తారు అన్నవి అందులో ఉండాలి. వాళ్ళకి క్లాసు ఉచితంగా ఇచ్చి ఉంటే ఆ సంగతి ఎపిసోడ్‌లోనే చెప్పాలి. ఒక్కరికి తగ్గిన నొప్పి అందరికీ తగ్గుతుందనే అర్థం వచ్చేలా కత్తిరించకండి.

మైకు_పనులు_చిత్తూరు:

మేడం, సౌండు గురించి నేను చెబుతా.

గది ముఖ్యం, మైకు తర్వాత. యోగా హాల్లో రికార్డు చేయకండి. గచ్చునేల, ఖాళీ గోడల వల్ల గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, ఆ ప్రతిధ్వని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ శుభ్రంగా పోదు. పరుపులు, దుప్పట్లు పెట్టే చిన్న గది ఉంటుంది కదా, అది మేలు. మాట్లాడే మనిషికి ఎదురుగా, వెనక మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. మన ఎండల్లో మధ్యాహ్నం ఫ్యాను లేకుండా కూర్చోలేరు, అందుకే తెల్లవారుజామున ఐదు, ఆరు మధ్య పెట్టుకోండి. బస్సుల హారన్లు కూడా తక్కువ ఉంటాయి.

బడ్జెట్ తక్కువైతే బోయా బీవై-ఎం1 లాంటి కాలర్ మైకు, గడ్డానికి జానెడు కింద. ఫోన్‌కి 3.5 మిమీ రంధ్రం లేకపోతే టైప్-సి ఉన్న మైకే కొనండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే శాంసన్ క్యూ2యూ లాంటి డైనమిక్ మైకు. కండెన్సర్ మైకు వద్దు, అది వీధి మొత్తాన్ని పట్టేస్తుంది. డైనమిక్ మైకు నోటికి నాలుగైదు అంగుళాల దూరంలో, కొంచెం పక్కకి తిప్పి పెట్టాలి. నేరుగా పెడితే "ప్రాణాయామం", "భస్త్రిక", "భ్రామరి" అన్నప్పుడల్లా గాలి తగిలి ధబ్‌మంటుంది. ఈ మాటలే మీరు ఎక్కువ వాడతారు కాబట్టి ఫోమ్ టోపీ తప్పనిసరి.

రికార్డింగ్ స్థాయి గరిష్ఠంగా మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. మొదట పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది శబ్దం రికార్డు చేయండి, నాయిస్ రిడక్షన్‌కి, అంటే వెనక శబ్దం తగ్గించడానికి, అదే నమూనా. 6 నుంచి 9 డెసిబెల్స్ మించి తగ్గిస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టవుతుంది. చివర్లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో (శబ్దం మొత్తం ఒకే మోతాదుకి తెచ్చే సదుపాయం) స్టీరియో అయితే మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే శబ్దానికి కొలత), మోనో అయితే మైనస్ 19. మాటలకి మోనో ఎంపీ3 96 కేబీపీఎస్ సరిపోతుంది. కవర్ బొమ్మ 3000×3000 పిక్సెళ్ళు.

మీలాంటి పాడ్‌కాస్ట్‌లోనే వచ్చే చిక్కు ఒకటుంది. శ్వాస చేయించేటప్పుడు "వదలండి" అని ఆరు సెకన్లు ఆగుతారు కదా, ఎడిటింగ్‌లో మౌనం కత్తిరించే సదుపాయం వాడితే ఆ ఆరు సెకన్లు మాయం. మీరు కత్తిరించకపోయినా కొన్ని ప్లేయర్లలో ఖాళీని కుదించే ఆప్షన్ ఉంటుంది, వినేవాళ్ళు అది ఆన్ చేసుకుని ఉంటే లెక్క తప్పుతుంది. అందుకే ఆ భాగం కింద సన్నగా తంబూర శ్రుతి నడపండి, మాట కంటే 20 డెసిబెల్స్ కిందగా. శబ్దం ఉంటే ప్లేయర్ దాన్ని ఖాళీ అనుకోదు. వేగం పెంచి వినేవాళ్ళూ ఉంటారు, ఆ భాగానికి ముందు "వేగం మామూలుకి తెచ్చుకోండి" అనండి.

కళ్ళు మూసుకోమనే ఏ అభ్యాసానికైనా ముందు "బండి నడుపుతుంటే ఇది ఆపి, ఇంటికెళ్ళాక వినండి" అనాలి. చెన్నై, బెంగళూరు రోడ్ల మీద కార్లో వినేవాళ్ళు చాలామంది.

తిరుపతి_యోగశాల:

అందరికీ చాలా థాంక్స్. ఇంకో రెండు సందేహాలు. మొదట్లో అన్నమయ్య కీర్తన ఒక ముక్క వేసుకోవచ్చా? పాడ్‌కాస్ట్ వల్ల మనుషులు వస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి, డౌన్‌లోడ్లు చూస్తే చాలా?

మైకు_పనులు_చిత్తూరు:

అన్నమయ్య 15వ శతాబ్దం వారు, సాహిత్యానికి హక్కులు లేవు. కానీ క్యాసెట్‌లోనో యూట్యూబ్‌లోనో దొరికే రికార్డింగ్‌కి హక్కుదారులుంటారు, ఈ కాలంలో కట్టిన బాణీకి కూడా. అనుమతి లేకుండా వేస్తే ఎపిసోడే తీసేయొచ్చు. మీ టీచర్లలో ఎవరైనా సంప్రదాయ బాణీలో పాడగలిగితే పది సెకన్లు పాడించుకోండి. నా అభిప్రాయం మాత్రం, ఫీజు చెప్పే భాగం కింద కీర్తన వద్దు. కవర్ మీద గోపురం బొమ్మ కూడా వద్దు. భక్తిని అడ్డం పెట్టుకుని అమ్ముతున్నట్టు ఉంటుంది, మన ఊళ్ళో అది ఇట్టే పసిగడతారు.

చెవిన_పడే_మాట:

డౌన్‌లోడ్ అంటే ఫోన్‌లోకి దిగిందని, విన్నారని కాదు. యాప్‌లో ఎక్కడిదాకా విన్నారో గ్రాఫ్ చూపిస్తే అది చూడండి. ఫీజు మొదలయ్యే చోట గీత ఒక్కసారిగా పడిపోతుంటే ఆ భాగం పొడవైందని అర్థం, 40 సెకన్లకి కుదించండి.

అసలు లెక్క మీ చేరికల రిజిస్టర్‌లో ఉంటుంది. "మా గురించి ఎలా తెలిసింది?" అని ఒక గడి పెట్టి, రిసెప్షన్‌లో అడిగి రాయమనండి. పాడ్‌కాస్ట్‌కి మాత్రమే వాడే వాట్సాప్ బిజినెస్ లింకు చేసుకుని, అది నొక్కగానే "మెట్ల ఎపిసోడ్ విన్నాను" అని మెసేజ్ ముందే టైపై ఉండేలా పెట్టండి. ఏ ఎపిసోడ్ నుంచి వచ్చారో వాళ్ళు పంపే మొదటి మెసేజ్‌తోనే తెలుస్తుంది. ఆ నంబర్‌కి అదే రోజు జవాబు ఇచ్చే మనిషి ఉండాలి. జవాబులో మొదట వాళ్ళ ఇబ్బంది ఏమిటో, మందులు ఏమైనా వాడుతున్నారో అడగాలి, ఆ తర్వాతే బ్యాచ్ టైములు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, గర్భం ఉన్నవాళ్ళకి కపాలభాతి, భస్త్రిక లాంటి వేగపు శ్వాసలు సరిపడవు. ఆ ప్రశ్న అడగకుండా ప్రాణాయామం బ్యాచ్‌లో చేర్చుకోకండి.

యాత్రికుల లెక్క వేరు. వాళ్ళు మూడు వారాల క్లాసుకి తిరుపతి రాలేరు. వాళ్ళ కోసం ఎపిసోడ్ ఉచితంగా వదిలేసి, కొండ దిగొచ్చాక కాళ్ళ మర్దన ఒకటి ధరతో సహా చెప్పండి. ఒక కాలి పిక్కలోనే వాపు, ఎరుపు, వేడి ఉంటే మర్దన చేయబోమని, ఆసుపత్రికి పంపుతామని కూడా ఆ వాక్యంలోనే పెట్టండి. అది రక్తం గడ్డ కావచ్చు, దాని మీద చేయి వేయకూడదు. మర్దన చేసే మనిషికి కూడా ఈ గుర్తులు ముందే నేర్పి ఉంచండి.