సి ప్రోగ్రాం నేను వై కొట్టకముందే ఆగిపోతోంది, కొబ్బరికాయల లెక్క కూడా తప్పు వస్తోంది

అడిగింది: డిప్లొమా విద్యార్థి, అంబాజీపేట
అందరికీ నమస్తే అండి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదువుతున్నాను, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ల్యాబ్ ప్రోగ్రాంలు చూసి కొట్టేస్తున్నాను గానీ సొంతంగా ఒకటి రాద్దామని మా కొబ్బరి దింపు లెక్క మొదలుపెట్టాను. కాయలెన్ని, వెయ్యి కాయల ధరెంత అని అడిగి మొత్తం డబ్బు చూపించాలి, ఆ తర్వాత ఇంకో దింపు ఉందా అంటే వై గానీ ఎన్ గానీ కొట్టాలి. నేను వై కొట్టే లోపే ప్రోగ్రాం అయిపోతోంది. పైగా వెయ్యి 10000 చొప్పున 2750 కాయలకి 27500 రావాలి కదా, 20000 చూపిస్తోంది, 750 కాయలిస్తే ఏకంగా సున్నా. ఎర్రర్ ఒక్కటీ లేదు. ఇంగ్లీషు సరిగా రాకే లాజిక్ ఎక్కడం లేదేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ ఒక్కటే.

జవాబు: కాకినాడ నుంచి, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాను
తమ్ముడూ, దీనికీ ఇంగ్లీషుకీ సంబంధమే లేదు. ధర కొట్టి ఎంటర్ నొక్కావు కదా, కీబోర్డు నుంచి చదివే స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ డి అంకెలు తీసుకుని ఆ ఎంటర్‌ని అక్కడే వదిలేస్తుంది. వెనకాలే వచ్చే పర్సెంట్ సి ఏ అక్షరం దొరికితే దాన్ని పట్టుకుంటుంది, ఎంటర్ కూడా దానికి అక్షరమే. అది వై కాదు కాబట్టి ప్రోగ్రాం ఆగిపోతోంది. నమ్మకం కుదరకపోతే ఆ క్యారెక్టర్‌ని పర్సెంట్ డితో ప్రింట్ చేసి చూడు, 10 వస్తుంది, కొత్త లైనుకి ఆస్కీ విలువ, అంటే ఆ అక్షరానికిచ్చిన నంబరు, అదే. కోట్స్ లోపల పర్సెంట్ సికి ముందు ఒక్క స్పేస్ పెట్టు, మిగిలిపోయిన ఎంటర్లన్నీ దాటుకుని నీ వై కోసం ఆగుతుంది. మిగిలిపోయింది తుడిచేయడానికి ఎఫ్‌ఫ్లష్ పెట్టమని చాలామంది చెబుతారు, వద్దు. ఇన్‌పుట్ మీద అది ఏం చేయాలో సి ప్రమాణంలో లేదు, ప్రోగ్రాంని మెషీన్ భాషలోకి మార్చే ఒక కంపైలర్‌లో పనిచేసింది ఇంకోదాంట్లో చేయకపోవచ్చు.

జవాబు: భీమవరం, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను
కాయల్ని ముందు 1000తో భాగించి ఉంటావు బాబూ. రెండూ ఇంట్, అంటే పూర్ణాంకాలు, అయితే దశాంశం పోతుంది, 2750లో 2 మిగులుతుంది, 750లో 0. 1000కి బదులు 1000.0 అని రాసి, జవాబు దశాంశాలు పట్టే డబుల్‌లో ఉంచుకో. ముందు గుణించి తర్వాత భాగిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది, జీసీసీ కంపైలర్‌లో సరిపోతుంది కూడా, కానీ మీ ల్యాబ్‌లో పాత కంపైలర్ టర్బో సి ఉంటే అక్కడ ఇంట్ 32767 దాటదు, లెక్క ఎటో పోతుంది. ఇంకో మాట, లాజిక్ రాదనుకోకు. చూసి కొట్టే ప్రోగ్రాంలో ఇలాంటి సందేహం పుట్టనే పుట్టదు, నువ్వు సొంతంగా రాశావు కాబట్టే పుట్టింది. నోటుపుస్తకంలో ఒక్కో వేరియబుల్‌కి ఒక్కో గడి గీసి, లైను లైనుకీ దాని విలువ ఎలా మారుతుందో పెన్సిల్‌తో రాసుకుంటూ పో, పక్కన వివరణ తెలుగులోనే రాసుకో.

అడిగినవారు:
ఆయ్, రెండూ సరిపోయాయండి, 27500 వచ్చింది. 10 కూడా ప్రింట్ చేసి చూశాను. ఫోన్‌లో ఎలా రాసుకోవాలి అన్నా?

జవాబు: కాకినాడ
టెర్మక్స్ అనే యాప్ వేసుకుని అందులో క్లాంగ్ ఇన్‌స్టాల్ చెయ్యి, అది సి కంపైలరే. ఫైళ్లు టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచు, డౌన్‌లోడ్స్‌లో పెడితే కంపైల్ అవుతుంది గానీ రన్ చేయబోతే పర్మిషన్ లేదంటుంది. టర్బో సిలో వాడే కోనియో హెడర్, గెట్‌సీహెచ్ ఉంటే తీసేయ్, అవి అక్కడ ఉండవు.